చూడ్డానికి ఓడీ లేదు

శిక్షణ ఆఖరి రోజు సాయంత్రం మా టీచర్లందరికీ ఒక కాగితం ఇస్తారు. అది నింపి ఇస్తే గానీ రిలీవింగ్ స్లిప్పు చేతికి రాదు. ఆ స్లిప్పు లేకపోతే అయిదు రోజులూ మేం శిక్షణలోనే ఉన్నామంటే ఎవరూ నమ్మరు. కాగితంలో మిగతా ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, ఎనిమిదో ప్రశ్న ఒక ఎత్తు. "మీ వృత్తిపరమైన ఎదుగుదలకు మీరు పనిచేసే చోట అందుతున్న తోడ్పాటు ఎలా ఉంది?" అని అడుగుతారు. కింద నాలుగు గడులు. చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, మెరుగుపడాలి.

నాలుగో గడిలో టిక్కు పెట్టిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఓసారి గుడివాడలో, మండు వేసవిలో, ఒక కాలేజీ హాల్లో, ఇంకో పావుగంటలో పామర్రు మీదుగా వెళ్లే బస్సు ఉందనగా ఈ కాగితాలు పంచారు. వెనక బెంచీలోంచి ఒకావిడ "ఎనిమిదికి ఏం పెట్టారండీ?" అని అడిగింది. ముందు బెంచీలో ఉన్న లెక్కల మాస్టారు వెనక్కి తిరక్కుండానే "అన్నిటికీ మొదటిదే పెట్టెయ్యండి మేడమ్, బస్సు పోద్ది" అన్నారు. పక్కవాడి పేపర్లోకి తొంగి చూశాడని పిల్లల చేత గోడకుర్చీ వేయించే మేమందరం, ఆ ఒక్క మాస్టారి పేపరు చూసి రాసేసి, బ్యాగులు భుజాన వేసుకుని బస్టాండుకి పరిగెత్తాం. నేనూ ఆ గుంపులో ఉన్నాను. ఏళ్ల తరబడి ఎనిమిదో ప్రశ్నకి నా జవాబు 'చాలా బాగుంది' అనే.

అది అబద్ధమని కూడా అనలేను. తోడ్పాటు కావాలని నేనెప్పుడూ అడగలేదు. అడగనిదాన్ని బాగుందనడానికేం? అడిగింది ఒక్కసారే, రెండేళ్ల కిందట.

మాది దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. హెడ్మాస్టరు గారితో కలిపి ముగ్గురం టీచర్లం. నేను అవనిగడ్డ నుంచి స్కూటీ మీద వెళ్తాను. నాలుగు, అయిదు తరగతులు నావి. ఆ ఏడు అయిదో తరగతిలో ఒక పిల్ల చేరింది. వాళ్ల అమ్మానాన్నలు ఎవరిదో రొయ్యల చెరువు మీద కాపలా ఉంటూ, మేత వేస్తూ, ఆ గట్టు మీదే పాక వేసుకున్నారు. చెరువు మారినప్పుడల్లా ఊరు మారడం, ఊరు మారినప్పుడల్లా బడి మారడం. మాది ఆ పిల్లకి అయిదో బడి. మహా చురుకు. మాటకి మాట అందిస్తుంది. నోటిలెక్కలు నాకన్నా ముందు చేస్తుంది. పాఠం చదవమంటే పుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు జరుపుకుంటూ గలగలా చదివేసేది.

ఆగస్టులో ఒకరోజు పాఠం మధ్యలో ఒక మాట మీద నా వేలు పెట్టి, ఇదేంటే అని అడిగాను. ఆ పిల్ల నా వేలి వంక చూసింది. తరవాత పాఠం మొదటి మాట నుంచి ఎత్తుకుంది. గడగడా చెప్పుకుంటూ వచ్చి వచ్చి, నా వేలు ఉన్న చోటు దాకా లెక్కగట్టి, "పడవ అండి" అంది. అది పడవ కాదు. దానికి రెండు మాటల అవతల ఉంది పడవ. అప్పుడర్థమైంది నాకు. ఈ పిల్లకి ఒక్క అక్షరం రాదు. పాఠాలన్నీ పక్కపిల్లలు చదువుతుంటే విని బట్టీ పట్టేసింది. అంత జ్ఞాపకశక్తి ఖర్చుపెట్టి ఎంత కష్టపడి దాచిందో, నన్ను చూసి ఎంత భయపడితే దాచిందో.

వేసవి సెలవులు దాటితే ఈ పిల్ల ఆరో తరగతికి హైస్కూలుకి పోవాలి. అక్కడ ఎవరూ అ ఆలు నేర్పరు. చదవడం రాని ఆడపిల్ల హైస్కూల్లో ఎన్నాళ్లుంటుందో మా వైపు అందరికీ తెలుసు. ఏడో తరగతికల్లా గట్టు మీద మేత బస్తా దగ్గర తేలుతుంది. కాబట్టి నా చేతిలో ఉన్నవి ఏడెనిమిది నెలలు.

నాకు తెలిసినదంతా మొదలుపెట్టాను. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు. ఇరవై ఆరేళ్లుగా నేను నేర్పే దారి అదే. ఆ దారిన వచ్చేవాళ్లు వచ్చారు, రానివాళ్లని "బుర్రకెక్కదు" అని రాసిపెట్టుకున్నాను. నెల గడిచింది. ఈ పిల్ల గుణింతాలు కూడా పాటలా బట్టీ పట్టేసింది. కా కి కీ అని రాగం తీస్తుంది గానీ, బోర్డు మీద విడిగా 'కీ' రాస్తే మళ్లీ 'క' నుంచి పాడుకుంటూ రావాలి.

అంతలో మా బడికి ఇంకో పిల్ల వచ్చింది. మూడో తరగతి. వాళ్లదీ చెరువుల మీద బతుకే, బంటుమిల్లి వైపు నుంచి వచ్చారు. వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం, బడి గోడ పక్కన ఎవరో పడేసిన రొయ్యల మేత బస్తా మీద ఉన్నదంతా తాపీగా చదువుతూ కూర్చుంది. తేమ తగలకుండా ఉంచవలెను అనే దాకా చదివింది. మా అయిదో తరగతి పిల్ల దాని పక్కనే కూర్చుని నోరు తెరుచుకుని వింటోంది. నాకు ఒళ్లు మండింది. నిజమే చెప్తున్నాను, సంతోషం తరవాత వచ్చింది, ముందొచ్చింది మంటే.

"ఎవరు నేర్పారే నీకు?" అన్నాను.

"మా టీచరండి."

"ఎలా నేర్పారు?"

"ఏమోనండి. మేం చెప్పేవోళ్లం. ఆవిడ రాసేవోరు" అంది.

ఇంతకన్నా ఏమీ రాబట్టలేకపోయాను. ఆ రాత్రి నాకు ఒకటే ఆలోచన. ఆవిడ తరగతిలో మూడు రోజులు వెనక కూర్చుని చూస్తే చాలు. కొత్తగా వంట నేర్చుకునే కోడలు కూడా అత్తగారి పొయ్యి పక్కన నిలబడి చూసే నేర్చుకుంటుంది గానీ కొలతల కాగితం పట్టుకుని కాదు కదా.

మర్నాడు హెడ్మాస్టరు గారిని అడిగాను. మా హెడ్మాస్టరు గారు చాలా మంచివారు. ఇన్నేళ్లలో ఆయన నోట 'కాదు' అన్న మాట నేను వినలేదు. అందుకే మా బళ్లో ఏ పనీ అవదు.

"తప్పకుండా వెళ్లండి మేడమ్. ఈ వయసులో నేర్చుకుంటానంటున్నారు, ఎంతమందికుంటుంది ఈ తపన! నా పూర్తి సపోర్టు మీకుంది."

"అయితే ఎప్పుడెళ్లమంటారండీ?"

"ఒక లెటర్ రాసివ్వండి. పైకి పంపుదాం."

లెటర్ రాసిచ్చాను. ఆయన దాని కింద ఎర్రసిరాతో నాలుగు పంక్తుల సిఫార్సు రాసి, సంతకం పెట్టి, మండలాఫీసుకి పంపారు. నేను రాసినదానికన్నా ఆ సిఫార్సే బాగుంది. చదివితే నామీద నాకే గౌరవం పెరిగింది.

రెండు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు. నేనే మండలాఫీసుకి వెళ్లాను. అధికారి గారు నా లెటర్‌ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. "చాలా మంచి ఆలోచనమ్మా. కానీ ఇది ఏ హెడ్ కింద పెట్టాలి?" అన్నారు.

"శిక్షణ కిందే కదండీ."

"శిక్షణంటే బ్యాచ్ ఉండాలి, మాడ్యూల్ ఉండాలి, హాజరు ఉండాలి. నువ్వొక్కదానివే వెళ్లి కూర్చుంటే దానికి హాజరు ఎవరు తీస్తారు?"

"మూడు రోజులు ఓడీ ఇస్తే చాలండీ, వెళ్లొచ్చేస్తాను."

ఓడీ అంటే ఆన్ డ్యూటీ. బడిలో లేకపోయినా బడిలో ఉన్నట్టే లెక్క. మీటింగులకిస్తారు, ఎన్నికలకిస్తారు, ఎవరో పెద్దవాళ్లు వస్తే కుర్చీలు నింపడానికీ ఇస్తారు. అధికారి గారు నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు నవ్వారు.

"నేర్చుకోడానికైతే ఓడీ ఉందమ్మా. చూడ్డానికి ఓడీ ఏంటి?"

అయినా ఆయన నన్ను ఉత్తచేతులతో పంపలేదు. చదవడం నేర్పించడం మీదే ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఉందనీ, ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చనీ, సర్టిఫికెట్ కూడా వస్తుందనీ చెప్పి లింకు పంపించారు. నా ఎదుగుదలకి అడ్డుపడాలని ఆయనకి ఏ కోశానా లేదు. ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఆన్‌లైన్ కోర్సు ఎలా చదవాలో మా టీచర్లకి ఒకరు నేర్పక్కర్లేదు. వీడియో నడుస్తున్నంతసేపూ ఫోను వెలుగుతూ ఉండాలి, అంతే. మా స్టాఫు రూములో మధ్యాహ్నం అన్నాల వేళ చూస్తే, బల్ల మీద మూడు ఫోన్లు వరసగా పడుకోబెట్టి ఉంటాయి. మూడిట్లోంచి ముగ్గురు నిపుణులు ఒకేసారి మాట్లాడుతుంటారు. మేం బెండకాయ వేపుడు గురించి మాట్లాడుకుంటుంటాం. నేను మాత్రం ఈసారి బుద్ధిగా విందామని ఇంట్లో వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టుకున్నాను. మొదటి వీడియోలో చదవడం ఎందుకు ముఖ్యమో చెప్పారు. రెండోదాంట్లో చదవడం గురించి పెద్దలు ఏమన్నారో చెప్పారు. పదకొండో వీడియో అయ్యేసరికి కుక్కరు మూడు విజిల్స్ వేసింది గానీ ఆ పిల్లకి 'కీ' ఎలా చెప్పాలో రాలేదు. ఆఖర్న పరీక్ష పెట్టారు. నూటికి నూరూ వచ్చాయి. సర్టిఫికెట్‌ని హెడ్మాస్టరు గారు కలర్ ప్రింటు తీయించి, గ్రూపులో పెట్టి, పక్కన మూడు చప్పట్ల బొమ్మలు పెట్టారు.

ఆ పిల్ల అప్పటికి వత్తుల పాట కూడా కంఠతా పట్టేసింది.

డిసెంబరు మొదట్లో ఫోనుకి ఒక జాబితా వచ్చింది. బందర్లో చదవడం నేర్పించడం మీద టీచర్లకి శిక్షణ. రిసోర్స్ పర్సన్ల, అంటే మిగతా టీచర్లకి పాఠం చెప్పే టీచర్ల పేర్లు అవి. మూడో పేరు నాది. పొరపాటేమోనని రెండుసార్లు చదువుకున్నాను. పొరపాటేం కాదు, ఫోను నంబరు కూడా నాదే. హెడ్మాస్టరు గారి దగ్గరికి పరిగెత్తాను.

"ఇదేంటండీ? నాకు నేర్పడం రావట్లేదు, చూసొస్తానని కదా లెటర్ రాసింది?"

"అందుకే కదండీ మీ పేరు పంపింది! మండలం మొత్తంలో చదవడం గురించి లెటర్ రాసినవాళ్లు మీరొక్కరే. పైగా కోర్సులో నూటికి నూరు."

మండలాఫీసుకి ఫోను చేస్తే అక్కడా అదే మాట. "సబ్జెక్టు మీద తపన ఉన్నోళ్లు దొరకడం కష్టమమ్మా. పెద్దవాళ్లు నీ పేరు చూసి చాలా సంతోషించారు" అన్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారు చూడండి, అలా అయింది నా పని. నాకే దారి దొరకలేదు, ఇప్పుడు వెనకాల అరవై మందిని వేసుకుని బయల్దేరాలి. తా దూర కంత లేదు మెడకో డోలు.

చూడ్డానికి మూడు రోజులు లేని ఓడీ, చెప్పడానికి ఎనిమిది రోజులు వచ్చింది. మాకు శిక్షణ మూడు రోజులు, మేమిచ్చే శిక్షణ అయిదు రోజులు. ఆ ఎనిమిది రోజులూ నా పిల్లల్ని హెడ్మాస్టరు గారు తన తరగతులతో కలిపి కూర్చోబెట్టుకున్నారు. అంటే, కూర్చోబెట్టారు, అంతే. నాకు మిగిలిన కాస్త టైములోంచి ఎనిమిది రోజులు అలా పోయాయి. పోతున్నాయని తెలిసీ నేను వద్దనలేదు. ఎందుకనలేదంటే, నిజం చెప్పొద్దూ, జాబితాలో పేరు చూసుకుని లోపల ఎక్కడో కాస్త పొంగాను కూడా. బందరు వెళ్లడానికి ఇస్త్రీ చేసిన చీరలు నాలుగు తీశాను.

బందర్లో మూడు రోజులు మాకు స్లైడ్లు చదివి వినిపించారు. నాలుగో రోజు నుంచి ఆ స్లైడ్లే మేం చదివి వినిపించాలి. హాలు నిండా అరవై మంది. హాజరు తీస్తుంటే బంటుమిల్లి మండలం వచ్చింది. ఒక ఊరి పేరు చదివాను. మా మూడో తరగతి పిల్ల రికార్డులో ఉన్న ఊరు అదే. ఒక్క టీచరే ఉన్న బడి. ఆఖరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచి "ప్రెజెంటండీ" అంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. పెడన కలంకారీ చీర కట్టుకుని, కొత్త నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చుంది.

ఆ తరవాత నేను స్లైడ్లు ఎలా చదివానో నాకే తెలీదు. ఎవరి తరగతిలో వెనక కూర్చుని చూడాలని మూడు నెలలుగా దేవుళ్లాడుతున్నానో, ఆవిడ నా తరగతిలో వెనక కూర్చుంది. పైగా ప్రతి స్లైడూ రాసుకుంటోంది. నేను దగ్గినా రాసుకునేలా ఉంది. "పఠనం యొక్క అయిదు సోపానాలు" అని చదువుతుంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులేస్తున్నట్టు అనిపించింది.

టీ ఇచ్చినప్పుడు తనే నా దగ్గరికి వచ్చింది. "చాలా బాగా చెప్తున్నారండి మేడమ్" అంది. వెటకారమేమోనని మొహం చూశాను. కాదు, మనస్ఫూర్తిగానే అంటోంది.

"మీ బడి నుంచి ఒక పిల్ల మా బడికొచ్చింది. అంత బాగా ఎలా నేర్పారమ్మా?" అన్నాను.

"నేనా?" అని సిగ్గుపడింది. "నాకే పద్ధతీ తెలీదండి. అయిదు తరగతులకీ ఒక్కదాన్నే. వాళ్లు ఏదో చెప్తారు, అది రాస్తాను, వాళ్లే చదువుకుంటారు. సరైన పద్ధతి నేర్చుకుందామనే ఇక్కడికొచ్చానండి. సోమవారం నుంచి అదంతా మానేసి, మీరు చెప్పినట్టు అయిదు సోపానాలూ మొదలెడతాను. చార్టులు కూడా కొన్నాను" అని బ్యాగులోంచి చుట్టిన చార్టులు తీసి చూపించింది.

అంతదాకా నా అవస్థ చూసి నాకే నవ్వొచ్చేది. అప్పుడు మాత్రం భయమేసింది. ఈ చేతులతో నేను ఎవరికీ చదవడం నేర్పలేకపోయాను సరే, నేర్పగలిగిన ఒక్కదాని చేత కూడా మాన్పించబోతున్నాను.

ఆవిడ చెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకెళ్లాను. "చూడమ్మా, నేను చెప్పిందేదీ చెయ్యకు. ఒక్కటీ చెయ్యకు. నువ్వు చేసేదే చెయ్యి" అన్నాను. పాపం ఆ అమ్మాయికేం అర్థం కాలేదు. పాఠం చెప్పే మనిషే తన పాఠం వినొద్దంటే ఎవరికి మాత్రం అర్థమవుతుంది? అప్పుడు అయిదో తరగతి పిల్ల సంగతి, నా వేలు, పడవ, నా లెటర్ అన్నీ చెప్పాను. ఇరవై ఆరేళ్ల సర్వీసున్న దాన్ని, చిన్నదాని ముందు కళ్లు తుడుచుకున్నాను.

ఆవిడ చార్టులు మళ్లీ బ్యాగులో పెట్టేసుకుంది. తరవాత "చెప్తే తెలీదక్కా. వచ్చి చూడండి" అంది.

జనవరిలో మూడు రోజులు క్యాజువల్ లీవు పెట్టాను. దరఖాస్తులో కారణం దగ్గర ఏం రాయాలా అని కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, 'సొంత పని' అని రాశాను. వెంటనే మంజూరైంది. సొంత పనికి లీవు మా దగ్గర ఎప్పుడూ ఆగదు. చల్లపల్లి, బందరు, పెడన మీదుగా బంటుమిల్లి, అక్కణ్ణించి ఆటో. బందర్లో మా చుట్టాలింట్లో మూడు రోజులూ ఉండి, పొద్దున్నే బస్సెక్కేదాన్ని.

ఒకటే గది. ఇరవై మంది లోపు పిల్లలు. పొద్దున్న రాగానే ఒక్కొక్కరూ వచ్చి ఒక్క మాట చెప్తారు. రాత్రి కుక్క పిల్లల్ని పెట్టిందని ఒకడు, తాతకి పన్ను ఊడిందని ఒకతి. ఆవిడ వాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటలోనే, వాళ్ల పుస్తకంలో రాస్తుంది. తరవాత ఎవరి మాట వాళ్లు చదవాలి. మొదటి రోజు ఇదేనా అనుకున్నాను. ఇది నాకు స్లైడులో చెప్పినా ఒరిగేదేం లేదు. రెండో రోజు గానీ అసలు సంగతి నా కంటపడలేదు.

ఒక పిల్లాడు తను చెప్పిన మాటనే చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. ఆవిడ ఏమీ అనలేదు. వాడి మొహం కూడా చూడలేదు, వాడి వేలు చూస్తూ కూర్చుంది. నేను లోపల లెక్కపెట్టాను. ఆ వ్యవధిలో నేనైతే మూడుసార్లు జవాబు చెప్పేసి, రెండుసార్లు తిట్టి, ఇంకొకణ్ణి లేపేదాన్ని. వాడు వేలు వెనక్కి జరిపాడు, ముందుకి జరిపాడు, పెదాలు కదిపాడు. తరవాత చదివాడు. ఆవిడ తలాడించింది, అంతే. వాడి మొహంలో వచ్చిన వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది.

మూడో రోజు నన్నే చెప్పమంది. ఒక చిన్న పిల్ల చదువుతూ ఆగింది. నేను మాట అందించాను. మళ్లీ ఆగింది. మళ్లీ అందించాను. పిల్ల పుస్తకం వదిలేసి నా నోటి వంక చూడ్డం మొదలుపెట్టింది. ఆవిడ నా పక్కకొచ్చి మెల్లిగా, "ఏమనుకోకండక్కా, మీరు తొందరపడుతున్నారు" అంది. ఇన్ని శిక్షణల్లో నాకు పనికొచ్చిన మాట ఇదొక్కటే. దీనికి సర్టిఫికెట్ లేదు.

తిరిగొచ్చి మా పిల్లతో మొదలుపెట్టాను. ఒక మాట చెప్పవే అంటే తను చెప్పిన మొదటి మాట, "మా అమ్మ మేత ఏత్తంటే కొంగలొత్తాయి." ఇదివరకైతే 'వేస్తుంటే' అనాలని దిద్దేదాన్ని. అలాగే రాశాను. హెడ్మాస్టరు గారు చూసి, "మేడమ్, ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వస్తే?" అన్నారు. "వస్తే కొంగల్ని చూపిద్దామండీ" అన్నాను. ఆయన ఎప్పట్లాగే కాదనలేదు.

మధ్యలో 'మేత' మీద వేలు పెట్టి అడిగాను. ఆ పిల్ల అలవాటు కొద్దీ మొదటికి వెళ్లబోయింది. నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం అంత కష్టమైన పనని నాకు అప్పటిదాకా తెలీదు. చేతులు వెనక్కి కట్టుకుని, బోర్డు పక్కన మేకుని చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజు, మొదటికి వెళ్లకుండా, ఉన్నచోటే చూసి "మేత" అంది. అని నా వంక చూడలేదు. పుస్తకం వంకే చూస్తూ, పక్క మాట మీదికి వేలు తనే జరుపుకుంది.

మార్చి నెలాఖరుకి ఆ పిల్ల వాళ్ల చెరువులో రొయ్యల పట్టుబడి అయిపోయింది. యజమాని చెరువు వదిలేశాడట. వాళ్లు ముదినేపల్లి వైపు చేపల చెరువుల మీదికి వెళ్తున్నామని, రికార్డు షీటు ఇమ్మని తల్లి వచ్చింది. హెడ్మాస్టరు గారు నింపి, సంతకం పెట్టి ఇచ్చారు. తల్లి దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసి, కూతురికిచ్చి, "ఏం రాశారో సదవ్వే" అంది. అప్పటిదాకా ఏ బడి కాగితమూ ఆవిడ చదివించుకుని ఎరగదు. పిల్ల తన పేరు చదివింది. తండ్రి పేరు చదివింది. కింద ప్రవర్తన అని ఉన్న చోట ఆగింది. దాన్ని దాటింది. పక్కన 'సంతృప్తికరం' అని ఉంది. అక్కడ పూర్తిగా ఆగిపోయింది. బయట సామాను వేసుకున్న ఆటో హారను కొడుతోంది. హెడ్మాస్టరు గారు "సం..." అని నోరు తెరిచారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంత పెద్దాయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆయన ఆగారు. ఆటో ఇంకో రెండుసార్లు కొట్టింది. పిల్ల వేలు వెనక్కి వెళ్లింది, ముందుకొచ్చింది.

"సం... తృ... ప్తి... సంతృప్తికరం" అంది. "అంటే ఏంటండీ?"

"బాగున్నావని" అన్నారు హెడ్మాస్టరు గారు.

తల్లి మొహం చూడాలి అప్పుడు. ఆ కాగితాన్ని చీర కొంగులో చుట్టుకుని వెళ్లింది. నేను ఆ రోజంతా గాల్లో తేలాను.

రెండు రోజుల తరవాత బందరులో పనుండి అవనిగడ్డ బస్టాండులో నిలబడ్డాను. ముప్పై ఏళ్ల మనిషి ఒకతను, భార్యనీ చంటిదాన్నీ వెంటబెట్టుకుని, సంచులతో పరుగున వచ్చాడు. నన్ను చూసి ఆగి, సంచి కింద పెట్టి మరీ దణ్ణం పెట్టాడు. నేను గుర్తుపట్టాను. ఈ బడికి రాకముందు, ఇంకో ఊళ్లో, నా దగ్గర చదివాడు. ఎదురుగా బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. బోర్డు మీద ఊరి పేరు బారెడు అక్షరాలతో ఉంది.

"ఇది ఏ ఊరు బస్సండీ టీచరు గారూ?" అన్నాడు.

నేను బోర్డు వంక చూశాను, అతని వంక చూశాను. అతను నా నోటి వంకే చూస్తున్నాడు. ఆగుదామంటే డ్రైవరు గేరు వేశాడు.

"కోడూరు" అన్నాను.

అతను సంతోషంగా సంచి ఎత్తుకుని, బస్సెక్కుతూ భార్యతో అన్నాడు. "మా టీచరు గారే. నాకు అయిదో తరగతి చెప్పింది ఈవిడే."